గట్టుపేట స్టేషన్ రైటర్ నాగూర్ వలి

పోలీసు ఉద్యోగం వచ్చిందని నాగూర్ వలి చెప్పిన రోజున వాళ్ల నాన్న సైదా అన్నం ముట్టుకోలేదు. సైదా దూదేకులవాడు. పత్తి తీతలు అయిపోయాక దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఎవరింటి అరుగు మీదైనా జంకు లేకుండా కూర్చునే ఆ మనిషి గట్టుపేట పోలీస్ స్టేషన్ ముందు నుంచి పోవాల్సి వస్తే మాత్రం చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. సైదా తండ్రి కాలంలో అలా విడవాలని రూలుండేదట. రూలు పోయినా భయం పోలేదు.

"మనోళ్లు ఎవరూ ఆ మెట్లు ఎక్కలేదురా. ఎక్కి దిగినోళ్లు మళ్లీ మామూలు మనుషులుగా నాకు కనపళ్లేదు" అన్నాడట కొడుకుతో.

వలికి అప్పుడు ఇరవయ్యేళ్లు. పది ప్యాసయ్యాడు, పరుగులో జిల్లాకు మొదటివాడు. తండ్రి మాట అతనికి చాదస్తంగా తోచింది.

నేను గట్టుపేట హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. వలి కథ నాకు ఎలా తెలిసిందంటే, స్టేషన్‌కు కొత్త భవనం కట్టారు. దాని ప్రారంభోత్సవానికి చిన్న పుస్తకం వేస్తామనీ, అందులో స్టేషన్ చరిత్ర రెండు పేజీలు ఉండాలనీ పైనుంచి కబురొచ్చింది. అప్పటికి వలి హెడ్ కానిస్టేబుల్, స్టేషన్ రైటర్. రికార్డులన్నీ అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి ఎస్సై క్రీస్తుదాసు ఆ పని అతనికి అప్పగించాడు. అతను కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"తప్పులుంటే దిద్దిపెట్టండి మాస్టారూ. నాకు రాయటమంటే ఎఫ్ఐఆర్ రాయటమే" అన్నాడు.

తప్పులు పెద్దగా లేవు. బీరువాల అడుగునున్న పాత రిజిస్టర్లన్నీ తిరగేసి రాశాడు. వందేళ్ల కిందట ఒక పొగాకు షావుకారు గోదాములో అద్దెకు మొదలైన స్టేషన్ అది. ఒక హెడ్డు, ఆరుగురు కానిస్టేబుళ్లు, ఒక గుర్రం. పుట్టుకతోనే దొంగలని సర్కారు ముద్ర వేసిన కుటుంబాల చేత సాయంత్రం, తెల్లవారుజామున హాజరు వేయించటమే అప్పట్లో వాళ్ల ముఖ్యమైన పని. ఆ హాజరు పుస్తకాల్లో ఎనిమిదేళ్ల పిల్లల వేలిముద్రలు కూడా ఉన్నాయని రాశాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో ఇక్కడి కానిస్టేబుళ్లు తీరానికి పోయి పదకొండు రోజులు శవాలు మోశారనీ, తిరిగొచ్చినప్పుడు ఊరి ఆడవాళ్లు వాళ్ల కాళ్లు కడిగారనీ రాశాడు. మొదటి జీపు, మొదటి టెలిఫోను, మొదటి మహిళా కానిస్టేబులు, అన్నీ వరసలో ఉన్నాయి. ఎనభై నాలుగు తర్వాత మాత్రం ఒక్కసారిగా తొంభై ఒకటికి దూకింది.

"ఎనభై ఎనిమిది ఏదయ్యా?" అన్నాను. గట్టుపేటలో పుట్టినవాళ్లెవరైనా అడిగే ప్రశ్నే అది.

వలి తలెత్తలేదు. "దాని గురించి ఏం రాయాలో తెలవట్లేదు మాస్టారూ. నేను అక్కడున్నా" అన్నాడు.

ఆ ఏడు తెల్లదోమ పత్తిని తినేసింది. మిగిలిన కాస్త పత్తినీ జిన్నింగు మిల్లుకు తోలితే తూకంలో కోత పెట్టారు. రైతులు లారీలకు అడ్డం పడ్డారు. పోలీసులు ఇద్దరిని పట్టుకొచ్చి లాకప్‌లో పెట్టారు. మర్నాడు పొద్దున పది గంటలకు స్టేషన్ ముందు మూడు నాలుగు వందల మంది చేరారు. మాటలు పెరిగాయి, రాళ్లు వచ్చాయి. ఒక రాయి ఎస్సై నుదుటికి తగిలింది. ఆయన నలుగురు కానిస్టేబుళ్లను వరండాలో వరసగా నిలబెట్టాడు. నాలుగోవాడు వలి. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలు.

గాలిలోకి కాల్చమన్నారో, కాళ్లకు కాల్చమన్నారో అతనికి ఇప్పటికీ గుర్తులేదు. 'ఫైర్' అన్న మాట ఒక్కటే వినిపించిందట. నాలుగు తుపాకులూ ఒకేసారి పేలాయి. జనం విరిగి పరుగెత్తారు. గేటు దగ్గర ఒకే ఒక్క మనిషి పడి ఉన్నాడు. అతని పేరు యలమందయ్య. గొడవకు వచ్చినవాడు కాదు. లోపల ఉన్న బావమరిదికి కారేజీలో అన్నం తెచ్చాడు.

విచారణ జరిగింది. గాలిలోకి కాల్చామని నలుగురూ చెప్పారు. చెప్పమన్నారు, చెప్పారు. నలుగురూ గాలిలోకే కాలిస్తే యలమందయ్య ఎట్లా పోయాడని విచారణలో ఎవరూ అడగలేదు.

"నా తుపాకీ గొట్టం గాల్లోకి లేదు మాస్టారూ. తిన్నగా ఉంది. మిగతా ముగ్గురివి ఎట్టా ఉన్నాయో నేను చూడలేదు. నాదేనేమో, కాదేమో. ముప్పై అయిదేళ్ల నించి ఈ రెండు మాటల మధ్యే తిరుగుతున్నా" అన్నాడు వలి.

ఆ తర్వాత ఆరు నెలలు గట్టుపేటలో పోలీసుకు ఇల్లు అద్దెకిచ్చినవాడు లేడు. మంగలి గడ్డం గీయలేదు. టీ కొట్టువాడు పోలీసును చూస్తే పొయ్యి మీద పాలగిన్నె దించేసేవాడు. వలిని బదిలీ చేశారు. వేటపాలెం, పెదకాకాని, ఇంకా ఎక్కడెక్కడో తిరిగాడు. మిగిలిన ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. భార్య ఖాదర్‌బీ తల్లి గట్టుపేటలోనే ఉండేది. ఆమెకు పక్షవాతం వస్తే చూసుకునే దిక్కు లేక, అడిగి మరీ మళ్లీ గట్టుపేటకు వేయించుకున్నాడు. అప్పటికి అతన్ని గుర్తుపట్టేవాళ్లు లేరు. యలమందయ్య భార్య రాజ్యం మాత్రం బతికే ఉంది. ఆవిడ ఇల్లు మార్కెట్ యార్డు దారిలో ఉంది. వలి ఏడేళ్లపాటు ఆ దారిన పోలేదు. కూరగాయలకైనా సరే, కాలవ కట్ట చుట్టి పోయేవాడు.

"రాయి. ఉన్నదున్నట్టు రాయి" అన్నాను నేను.

చూద్దామండీ అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇది జరిగిన పన్నెండో రోజున కోటేష్ స్టేషన్‌లోకి పరుగెత్తుకొచ్చాడు.

కోటేష్ మిరపనారు అమ్మేవాడు. ఊరి బయట పెద్ద వలపందిరి నర్సరీ అతనిది. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతని దగ్గరే నారూ, విత్తనాల ప్యాకెట్లూ కొన్నారు. కార్తీకం దాటేసరికి చేలు నడుమెత్తు పెరిగాయి. ఆకు నల్లగా నిగనిగలాడింది. కాయ మాత్రం లేదు. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోయింది. రైతులు నర్సరీ చుట్టూ, వ్యవసాయాఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగారు. అమానుల్లా అనే కౌలురైతు పురుగుల మందు తాగాడు. గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. నాలుగో రోజు పొద్దున అమానుల్లా పోయాడని ఫోన్లలో మెసేజ్ తిరిగింది.

పదకొండు గంటల వేళ కోటేష్ వచ్చాడు. చొక్కా ఒక చెయ్యి చిరిగి వేలాడుతోంది. చెవి వెనక నుంచి రక్తం కారుతోంది.

"నన్ను లోపలెయ్యండి సార్. లాకప్‌లో పెట్టి తాళం ఎయ్యండి. చంపేస్తారు" అని వలి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

స్టేషన్ ఇంకా పాత భవనంలోనే ఉంది. ఆ పూట స్టేషన్‌లో ఉన్నది ముగ్గురే. వలి, సెంట్రీ డ్యూటీలో ఆదాం, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కానిస్టేబుల్ శ్రీరమ్య. మిగతా అందర్నీ సింగరాయకొండ బందోబస్తుకు పంపారు. వలి కోటేష్‌ను లాకప్‌లో పెట్టి తాళం వేశాడు. కిటికీలోంచి చూస్తే బస్టాండు మలుపులో ట్రాక్టర్లు కనిపించాయి. ఒకటి, రెండు కాదు. ట్రక్కుల నిండా మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో వేర్లతో పీకిన మిరప మొక్కలు ఉన్నాయి. కొందరి చేతుల్లో కర్రలు కూడా ఉన్నాయి.

వలి ఎస్సైకి ఫోన్ చేశాడు.

"ఎంతమంది?" అన్నాడు క్రీస్తుదాసు.

"నాలుగొందల దాకా ఉంటారు సార్. ఇంకా వస్తన్నారు."

"నేను బయల్దేరుతున్నా. ఎంత తోలినా రెండున్నర గంటలు పడుద్ది. వలీ గారూ, రైఫిళ్లు బయటికి తియ్యండి. వరండాలో కనపడేట్టు నిలబడండి. లోపలికి రాబోతే వార్నింగ్ ఇచ్చి కాల్చండి. నిందితుడికి ఏమన్నా అయితే మనందరి ఉద్యోగాలు పోతయ్."

వలి ఫోన్ పెట్టేశాడు. ఆయుధాల గది దాకా నడిచి తలుపు తీశాడు. స్టాండులో మూడు రైఫిళ్లున్నాయి. సెంట్రీకని ఆదాం చేతిలో ఇంకొకటి ఉంది. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడట. తర్వాత వెనక్కి తిరిగి, "ఆ రైఫిలు ఇటియ్యి" అన్నాడు ఆదాంతో.

"సార్?"

"ఇటియ్యవయ్యా."

దాన్ని కూడా స్టాండులో పెట్టి గదికి తాళం వేశాడు. తాళంచెవి శ్రీరమ్య చేతిలో పెట్టాడు. "ఎవరడిగినా ఇవ్వొద్దమ్మా. నేనడిగినా ఇవ్వొద్దు."

ఆదాం దగ్గరికొచ్చాడు. "సార్, ఎస్సై గారు తియ్యమన్నారు గదా. వాళ్లొచ్చి మీద పడితే మన దగ్గరేముంది? నాకు చిన్నపిల్లలున్నారు సార్."

"నీకు భయంగా ఉంటే లాకప్ గదిలో ఉండి గడియ పెట్టుకో. తప్పేం లేదు. రేపు ఎవరన్నా అడిగితే తాళం వేసింది వలి అని చెప్పు. రాసిస్తా కావాలంటే" అన్నాడు వలి.

ఆదాం లోపలికి పోలేదు. లాఠీ తీసుకుని లాకప్ తలుపు ముందు నిలబడ్డాడు. వలి శ్రీరమ్యను పిలిచి, "గుంటూరు ఆసుపత్రిలో మనోళ్ల అవుట్‌పోస్టు ఉంది. ఫోన్ కలుపు. అమానుల్లా నిజంగా పోయాడా లేదా కనుక్కో. ఎవరో చెప్పారంటే కాదు, మంచం దగ్గరికి పోయి చూడమను" అన్నాడు. తాను రైటర్ గదిలోని బల్లను ఒక్కడే ఈడ్చుకుంటూ వరండా దాటి గేటు దగ్గరికి తెచ్చాడు. కుర్చీ వేసుకున్నాడు. ఒక దస్తా తెల్లకాగితాలు, రెండు పెన్నులు బల్ల మీద పెట్టాడు.

అప్పటికి జనం గేటు ముందుకు వచ్చేశారు. నేను ఎదురుగా మందుల షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆ అరుపుల్లో నాకు ఒక్క మాటా విడిగా వినపడలేదు; గేటు దగ్గరి మాటలు తర్వాత తెలిసినవే. గేటు ఊచలు పట్టుకుని ఊపుతుంటే గోడలోంచి సున్నం రాలింది. ఎవరో మిరప మొక్కను గిరాటేశారు. వేరుకున్న మట్టిపెళ్ల వలి ఛాతీకి తగిలి చిట్లింది. అతను దులుపుకోలేదు.

ముందు వరసలో వీరాంజనేయులు ఉన్నాడు. యలమందయ్య కొడుకు. తండ్రి పోయేనాటికి తొమ్మిదేళ్లవాడు. ఇప్పుడు ఊరి రైతులు పంచాయితీకైనా, ధర్నాకైనా ముందు అతన్నే నిలబెడతారు.

"వాణ్ణి బయటికి తీసుకురా. మేం తేల్చుకుంటాం" అన్నాడు.

"తీసుకురాను" అన్నాడు వలి.

"అయితే మేమే లోపలికొస్తాం. ఏం చేస్తావ్? కాలుస్తావా? మా నాయన్ని చంపిన స్టేషనయ్యా ఇది. ఇదే గేటు. అప్పుడాయన చేతిలో అన్నం కారేజీ ఉంది. ఇయ్యాల నా చేతిలో ఎండిన బతుకుంది. తియ్యి తుపాకి, కాల్చు!"

వెనకనుంచి కేకలు లేచాయి. ఒక రాయి వచ్చి వరండా బల్బును పగలగొట్టింది.

"కాల్చను. తుపాకులు లోపల పెట్టి తాళం వేశా. ఒకసారి కాల్చా. అది చాలు నాకు" అన్నాడు వలి.

ఆ మాట అనాలని అతను అనుకోలేదట. నోరు జారిందని కూడా అనలేం. ఇన్నేళ్లు లోపల తిరిగి తిరిగి, దారి కనపడగానే బయటికి వచ్చేసింది.

వీరాంజనేయులు అర్థం కానట్టు చూశాడు. "ఏమన్నావ్?"

"ఎనభై ఎనిమిదిలో వరండాలో నలుగురం నిలబడ్డాం. అందులో నేనొకణ్ణి."

ముందు వరసలు నిశ్శబ్దమైపోయాయి. వెనకవాళ్లకు ఏమీ వినపడక ఇంకా అరుస్తూనే ఉన్నారు. వీరాంజనేయులు ఊచల మధ్యనుంచి చెయ్యి జాపి వలి కాలర్ పట్టుకుని లాగాడు. వలి మొహం వెళ్లి గేటు ఇనుముకు కొట్టుకుంది. పెదవి చిట్లింది. వరండాలోంచి శ్రీరమ్య కేక పెట్టింది. వలి ఆమె వైపు చెయ్యెత్తి, రావద్దని సైగ చేశాడు.

"మా అమ్మ..." అన్నాడు వీరాంజనేయులు.

"నన్ను తర్వాత చూసుకో. నేనెక్కడికీ పోను. మా ఇల్లు కాలవ కట్ట మీద, మూడోది. ముందు నా మాట ఒకటి విను" అన్నాడు వలి. కాలర్ ఇంకా వీరాంజనేయులు చేతిలోనే ఉంది. "కోటేష్‌ను ఇయ్యాల కొట్టి చంపుతారు. చంపగలరు, నేనొక్కణ్ణి ఆపలేను. రేపట్నించి వాడి మీద కేసు ఉండదు, మీ మీదుంటది. ఆ ప్యాకెట్లు వాడు చెయ్యలేదు. వాడికి ఎవడో అమ్మాడు. ఆ అమ్మినోడి పేరు వాడి నోట్లోనే ఉంది. వాడు చస్తే ఆ పేరు కూడా చస్తది. ఆ పైనోడికి కావాల్సింది అదే."

వీరాంజనేయులు కాలర్ వదల్లేదు. పక్కనున్న ఒకడు, "మాటలు నమ్మబాకు మావా, దూకుదాం పద" అని గేటు మీద కాలు పెట్టాడు. ఇంకో ఇద్దరు గోడ ఎక్కారు. ఆ క్షణంలో నాకు అంతా అయిపోయిందనిపించింది. మందుల షాపతను షట్టర్ సగం దించేశాడు.

శ్రీరమ్య వలి మాట లెక్కచేయకుండా ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. "అమానుల్లా బతికే ఉన్నాడు! వినండి! కౌసర్ గారు మాట్లాడతారు!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు.

స్పీకర్లో ముందు ఆసుపత్రి రొద వినిపించింది. తర్వాత అమానుల్లా భార్య కౌసర్ గొంతు.

"ఎవరు చెప్పారు ఆయన పోయాడని? ఎవరి నోరది? ఇక్కడ నా ఎదురుగా పడుకోనున్నాడు. పొద్దున నీళ్లు తాగాడు. కళ్లు తెరిచి చూస్తన్నాడు. మీరంతా కర్రలుచ్చుకుని పోయారంట? ఆయన పేరు చెప్పి ఎవర్నీ చంపబాకండయ్యా. ఆ పాపం మాకొద్దు."

గోడ మీద ఉన్నవాళ్లు అక్కడే కూర్చుండిపోయారు. ముందువాళ్లు వెనకవాళ్లకు, వాళ్లు ఇంకా వెనకవాళ్లకు ఆ మాట అందించారు. బతికే ఉన్నాడంట, బతికే ఉన్నాడంట అని ట్రాక్టర్ల దాకా పోయింది.

వలి ఫోను దగ్గరికి వంగాడు. పెదవి వాచి మాట ముద్దగా వచ్చింది. "అమ్మా కౌసర్, స్టేషన్ రైటర్ నాగూర్ వలిని. మీ ఫిర్యాదు ఇప్పుడే రాసుకుంటా, చెప్పు. మీ ఆయన పేరు, ఊరు, ఎన్నెకరాలు, ఏ రోజు కొన్నారు?"

ఆమె చెప్పింది. అతను గేటు లోపల బల్ల ముందు కూర్చుని రాశాడు. విత్తనం ప్యాకెట్ ఉందా అని అడిగితే, ఇంట్లో బియ్యం డబ్బా వెనకుంది, మా మరిది తెస్తాడు అంది. రాసింది అంతా మళ్లీ పైకి చదివి వినిపించాడు. అందరూ విన్నారు.

"తర్వాత ఎవరు?" అన్నాడు తలెత్తి.

వీరాంజనేయులు కాలర్ ఎప్పుడు వదిలాడో నేను గమనించలేదు. అతను గేటుకు వీపు పెట్టి జనం వైపు తిరిగాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ప్యాకెట్లు ఉన్నోళ్లు ముందుకు రండి. లేనోళ్లు ఇంటికి పోయి తెచ్చుకోండి. కర్రలు ట్రక్కులో పడేయండి" అన్నాడు.

రెండు గంటలపాటు వలి తల దించుకుని రాస్తూనే ఉన్నాడు. శ్రీరమ్య ఇంకో కుర్చీ తెచ్చుకుని ప్యాకెట్ల మీది నంబర్లు చదివి చెప్పింది. జనం వరసలోకి వచ్చారు. ఎండ నడినెత్తికొస్తే ఎవరో బల్ల మీదికి గొడుగు పట్టారు.

అప్పుడే సింగరాయకొండ నుంచి బలగాలు దిగాయి. ముందు జీపు, వెనక రెండు వ్యాన్లు. గట్టుపేట స్టేషన్ మీద దాడి అని దారి పొడుగునా విని వచ్చినవాళ్లు. వ్యాన్లు ఆగకముందే హెల్మెట్లు, లాఠీలతో కిందికి దూకారు. వరస చెదిరింది. ఒకడు పరుగెత్తితే పదిమంది పరుగెత్తారు. ట్రక్కులో పడేసిన కర్రల వైపు మళ్లీ చేతులు పోయాయి. ఒక కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు.

వలి కుర్చీలోంచి లేచి గేటు తీసుకుని బయటికి పరుగెత్తాడు. చేతిలో కాగితాల కట్ట. "సార్! కంప్లైంట్లు ఇస్తన్నారు సార్! కొట్టబాకండి! కంప్లైంట్లు!" అని జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. రక్తం గడ్డకట్టిన అతని మొహం చూసి క్రీస్తుదాసుకు ఇంకా కోపం వచ్చింది.

"ఎవడు కొట్టాడు మిమ్మల్ని? చూపించండి."

వీరాంజనేయులు పది అడుగుల దూరంలో ఉన్నాడు. కదల్లేదు. తప్పించుకునే ప్రయత్నమూ చేయలేదు.

"గేటు తగిలింది సార్" అన్నాడు వలి.

క్రీస్తుదాసు జనాన్ని చూశాడు, బల్లను చూశాడు, లెక్కగా పేర్చిన ప్యాకెట్లను చూశాడు. విజిల్ ఊది తనవాళ్లను వెనక్కి వ్యాన్ల దగ్గరికి పొమ్మన్నాడు. చిన్న వయసువాడైనా ఆ క్షణంలో పెద్ద పని చేశాడు. సాయంత్రానికి ఫిర్యాదులు నూట పద్నాలుగు అయ్యాయి. కోటేష్ తనకు సరుకు పంపినవాడి పేరు చెప్పాడు. వారంలోపు అతన్ని పట్టుకొచ్చారు.

వలికి దీనివల్ల మంచి జరగలేదు. ఎవరో గేటు దగ్గరి మాటలు వీడియో తీశారు. 'ఒకసారి కాల్చా' అని వలి అన్న ముక్క జిల్లా అంతా తిరిగింది. మూసేసిన ఫైలు గురించి జనం ముందు నోరు విప్పినందుకు, పై అధికారి చెప్పినా ఆయుధాలు తీయనందుకు ఛార్జి మెమో ఇచ్చారు. ప్రమోషన్ ఆగిపోయింది. వలి మెమోకు జవాబు ఒక్క పేజీలో రాశాడు. చేసింది చేశానని రాశాడు. స్టేషన్ చరిత్రలో కూడా ఎనభై ఎనిమిది గురించి అరపేజీ చేర్చాడు, నలుగురి పేర్లతో సహా. పుస్తకంలో ఆ అరపేజీ రాలేదు. అది క్రీస్తుదాసు చేతుల్లో ఉన్న సంగతి కాదు.

పది రోజుల తర్వాత రాజ్యం కబురు పంపింది. తోడు రమ్మని వలి నన్ను అడిగాడు. ఏడేళ్లలో మొదటిసారి మార్కెట్ యార్డు దారిన నడిచాడు.

రాజ్యానికి డెబ్భై దాటాయి. వాకిట్లో తాలు మిరపకాయలు ఏరుతోంది. ఆ ఘాటుకు మాకు దగ్గు వచ్చింది. ఆవిడకు రాలేదు. వీరాంజనేయులు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమనలేదు.

"నువ్వేనా?" అంది ఆవిడ.

"అవునమ్మా."

"నీ తుపాకేనా?"

"తెలవదమ్మా. నాది తిన్నగానే ఉంది. నాది కాదని మాత్రం చెప్పలేను."

ఆవిడ చేతులు ఆగలేదు. కాయలు ఏరుతూనే అడిగింది. "పడ్డాక ఎంతసేపున్నాడు? ఏమన్నా అన్నాడా? ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు నాకు. వెంటనే పోయాడన్నారు. నిజమేనా?"

అబద్ధం చెప్పటానికి అంతకంటే తేలిక సమయం ఉండదు. "వెంటనే పోలేదమ్మా. కాసేపు చెయ్యి కదిలింది. పది నిమిషాలు కావచ్చు. ఏమన్నాడో వినపళ్లేదు. నేను వరండా దిగలేదు. దిగొద్దని ఎవరూ చెప్పలేదు. నేనే దిగలేదు."

వీరాంజనేయులు గుమ్మం వదిలి గబగబా పెరట్లోకి వెళ్లిపోయాడు. పెరట్లో బకెట్ దొర్లిన చప్పుడయింది.

రాజ్యం తలెత్తింది. ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. "నిన్ను క్షమించానని నా నోట రాదు నాయనా. అడగబాకు."

"అడగటానికి రాలేదమ్మా."

"అయితే సరే. పది నిమిషాలన్నావు చూడు, అది చెప్పి మంచి పని చేశావు. చెయ్యి కదిలిందన్నావు. ఇక పో" అని మళ్లీ కాయల మీదికి వంగింది.

మేం వచ్చేశాం. కాలవ కట్ట మీద వలి ఒకచోట కూర్చుని తల మోకాళ్లకు ఆనించుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. అవతలి చేలో కూలీలు పత్తి తీస్తూ మమ్మల్ని చూసి మాట్లాడుకోవటం మానేశారు.

నకిలీ విత్తనాల కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. కొందరికి పరిహారం వచ్చింది, కొందరికి రాలేదు. అమానుల్లా కోలుకున్నాడు గానీ వ్యవసాయం మానేసి చీరాలలో ఆటో నడుపుతున్నాడు. శ్రీరమ్య ఎస్సై పరీక్షకు చదువుతోంది. వీరాంజనేయులు నెలకోసారి వాయిదా తేదీ కనుక్కోవటానికి స్టేషన్‌కు వస్తాడు. వలి రిజిస్టర్ చూసి తేదీ చెబుతాడు. అతను కాగితం మీద రాసుకుంటాడు. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట ఉండదు. పోయిన నెల మాత్రం వలి జ్వరంతో సెలవు పెట్టాడు. బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుని ఉంటే చూసి, "రైటర్ గారేరి?" అని వీరాంజనేయులు అడిగాడట. జ్వరమని చెబితే, "రేపొస్తాలే" అని వెళ్లిపోయాడట.